చెంపకి తెలిసిన వేడి

అత్తగారికి నీలం రంగు కనపడటం మానేసి రెండేళ్ళయింది.

అదేమీ రాత్రికి రాత్రి జరగలేదు. కళ్ళలో శుక్లాలు ముదిరేకొద్దీ లోకాన్నంతా ఎవరో మెల్లమెల్లగా టీ డికాషన్‌లో ముంచి తీసినట్టయింది ఆవిడకి. తెల్లగోడలు పల్చటి టీ, తలుపులు చిక్కటి టీ. నీలమైతే బూడిదలో కలిసిపోయింది. అయినా ఒప్పుకుంటే కదా! "ఈ బల్బులు నాసిరకంవిరా" అని ఇంట్లో ఉన్న బల్బులన్నీ మార్పించింది. కొడుకు పెళ్ళికి చొక్కా తనే స్వయంగా వెళ్ళి ఎంచి మరీ కొనుక్కొచ్చింది, "బూడిద రంగు, హుందాగా ఉంటుంది" అని. తీరా చూస్తే అది తళతళలాడే వంకాయ రంగు. కొడుకు కిక్కురుమనకుండా తొడుక్కున్నాడు. పెళ్ళి ఫొటోలన్నింటిలోనూ నూనె రాసిన వంకాయలా మెరుస్తూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కొత్త కోడలికి అతనంటే అంత ఇష్టం ఉండటానికి పదహారు కారణాలున్నాయి. వాటిలో ఆ చొక్కా మూడోది.

పెళ్ళయి మూడు నెలలైనా ఆ పిల్ల అతన్ని ఇంకా "పెళ్ళికొడుకూ" అనే పిలుస్తుంది. గది తలుపు వేసి ఉంటే "నువ్వు", తలుపు తీయగానే "మీరు". ఒక్కోసారి తలుపు సగం తీసి ఉన్నప్పుడు "నుమీరు" అని నాలుక మడతపడేది. అత్తగారు చూపు తగ్గిన మనిషే కానీ చెవులు పాముచెవులు. వినీ విననట్టు ఊరుకునేది.

మూడో అంతస్తులో వాళ్ళిల్లు. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద అక్వేరియం. మనిషి చేతులు చాపినంత పొడవు లేకపోయినా, ఒకళ్ళు పట్టి ఎత్తలేనంత బరువు. అందులో వేలి కణుపంత చేపలు పద్నాలుగు. కంటి దగ్గర మొదలై నడుము దాకా ఒక నీలిగీత, అక్కణ్ణించి తోక దాకా ఎరుపు. అత్తగారు వాటిని "బుడ్డోళ్ళు" అంటుంది. అడుగున గులకరాళ్ళ మధ్య, పింగాణీ కప్పు కింద, మీసాలున్న ముసలి చేప ఒకటి కాపురం. దాని పేరు మీసాలాయన. అత్తగారు పసిపిల్లల వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన వారానికి ఈ గాజుపెట్టె ఇంటికొచ్చిందట. "తెల్లారి లేస్తే ఎవర్నో ఒకర్ని లెక్కపెట్టకపోతే నాకు తోచదు" అని.

కంటి ఆపరేషనుకి బయల్దేరుతూ కూడా ఆవిడ ధ్యాస వాటి మీదే.

"పొద్దునా మధ్యాహ్నం రాత్రీ అద్దానికి చెంప పెట్టి చూడమ్మాయ్. కింద, మీసాలాయన దగ్గర."

"థర్మామీటరు ఉంది కదా అత్తయ్యా, అంకె చూస్తే పోలా?" అంది కోడలు. ఆ పిల్ల స్కూల్లో సైన్సు టీచరు. అక్వేరియం కుడివైపు అద్దానికి బయట అతికించిన థర్మామీటరు పట్టీ మీద ఆ పిల్లకి గురి ఎక్కువ.

"అంకెలు కనపడ్డ రోజుల్లో కూడా నేను చెంపే పెట్టాను. స్నానం చేయించి తుడిచిన పసివాడి అరికాలు ఉంటుంది చూడు, అలా ఉండాలి అద్దం. చల్లగా ఉండాలి, జిల్లుమనకూడదు."

"నేనెప్పుడూ పసివాడి అరికాలికి చెంప పెట్టలేదే!"

"పెడతావులే."

కోడలి చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మంలో కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్న పెళ్ళికొడుకు, కట్టిన ముడినే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"ఇంకో మాట," అంది అత్తగారు గడప దాటుతూ. "కట్టు విప్పాక నా కన్ను ముందు నా బుడ్డోళ్ళనే చూడాలి. ఆ నీలం చూసి రెండేళ్ళయింది. వాళ్ళని నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను."

ఆ మాట కోడలి నెత్తిన కిరీటంలా కూర్చుంది. పెళ్ళయ్యాక అత్తగారు తన చేతిలో పెట్టిన మొదటి బాధ్యత. బీరువా తాళాలిచ్చినా అంత సంబరపడేది కాదు.

ఆపరేషను చక్కగా అయింది. కానీ ఆ సాయంత్రం నుంచీ సన్నటి వాన పడుతూ, పడ్డచోటల్లా గడ్డకట్టడం మొదలుపెట్టింది. బస్సులు ఆగిపోయాయి. తల్లీకొడుకులు ఆసుపత్రిలోనే ఉండిపోయారు. మర్నాడు కట్టు విప్పించుకుని వస్తామని ఫోను చేశారు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కరెంటు పోయింది.

పక్కన గురకపెట్టే మనిషి ఠక్కున ఆపేస్తే మనకి మెలకువొచ్చేస్తుంది చూడండి, అలాగే అక్వేరియంలో గాలిపంపు గుర్రుమనడం ఆగిపోగానే కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బుడగలు లేవు. హీటరు మీద ఎర్రదీపం లేదు. కిటికీలోంచి చూస్తే వీధిలో తీగలన్నీ చూపుడువేలంత లావు మంచుతొడుగు వేసుకుని నేల చూపులు చూస్తున్నాయి. ఒక స్తంభం పూర్తిగా ఒరిగి ఎదుటి మేడ గోడకి తల ఆనించింది. కరెంటాఫీసుకి ఫోను చేస్తే, "సాయంత్రంలోగా రావచ్చు, రాకపోనూవచ్చు" అని ఎవరో నిజాయితీపరుడు చెప్పాడు.

బడికి ఎలాగూ సెలవు. గదులు వెచ్చబెట్టే గొట్టాలు కూడా కరెంటుతో పాటే చల్లారిపోయాయి. పట్టీ ఇరవై అయిదు చూపిస్తోంది. గంటకి ఇరవై మూడైంది.

"నేనున్నానుగా, భయపడకండి," అని బుడ్డోళ్ళకి ధైర్యం చెప్పి కోడలు కొంగు... కొంగు లేదు, స్వెట్టరు చేతులు పైకి లాక్కుంది. గ్యాసు పొయ్యి వెలిగింది, అదే పదివేలు. గిన్నెల్లో నీళ్ళు కాచి, దొరికిన సీసాల్లో పోసి మూతలు బిగించింది. సాసు సీసా, తేనె సీసా, అత్తగారి దగ్గుమందు సీసా, పెళ్ళికి ఎవరో ఇచ్చిన, ఎందుకో ఇంతవరకూ ఎవరికీ తెలియని పొడుగుమెడ గాజుసీసా. బల్ల మీద కుడివైపు జానెడు ఖాళీ ఉంది. సీసాలన్నీ అక్కడ అద్దానికి ఆనించి నిలబెట్టి, మొత్తం మీద రెండు దుప్పట్లు కప్పింది. వంటింటికీ హాలుకీ మధ్య అటూ ఇటూ పరుగు. పది నిమిషాల తరవాత దుప్పటి అంచు ఎత్తి చూస్తే పట్టీ ఇరవై ఆరు!

ఆ పిల్ల అక్కడికక్కడే ఒక గంతు వేసింది.

గంతు వేసిన అరనిమిషానికి తలుపు చప్పుడైంది. కింది వాటాలో ఉండే దర్జీ బాబాయి. మెడలో టేపు, చెవిలో పెన్సిలు, మూడు రోజుల గడ్డం.

"ఏం కోడలుపిల్లా, పొద్దున్నించీ నా నెత్తి మీద పరుగుపందెమా? ఇప్పుడు ఎత్తు గెంతడం కూడా మొదలెట్టావు?"

"చేపలకి చలి, బాబాయిగారూ!"

"నాకూ చలే. నన్నెవరడిగారు?" అంటూనే లోపలికొచ్చి, దుప్పట్లు కప్పిన తీరు చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఇదేం కప్పడమమ్మా? బస్తా మూట కట్టినట్టు! అన్ని పక్కల్నించీ గాలి. ఉండు." టేపు తీశాడు. ఎదుట మనిషి ఉన్నా బల్ల ఉన్నా ముందు కొలత తీసుకోకపోతే ఆయనకి ఊపిరాడదు. "ఛాతీ డెబ్బై రెండు. పొడుగు పద్దెనిమిది. మెడ లేదు. భుజాలు లేవు. నా ఖాతాదారుల్లో సగం మంది ఇంతే."

పావుగంటలో కిందికీ పైకీ వెళ్ళొచ్చాడు. చేతిలో నల్లటి మందపాటి ఓవర్‌కోటు. ఎవరో భారీ మనిషి మూడేళ్ళ కింద నడుము వదులు చేయమని ఇచ్చి మళ్ళీ రాలేదట. "ఆయన ఇంకా లావెక్కి సిగ్గుపడి ఉంటాడు," అన్నాడు దర్జీ బాబాయి. ఆయన కుట్టుమిషను కాలితో తొక్కేది, కరెంటుతో దానికి పనిలేదు. చేతులు కత్తిరించేసి, వీపున ఒక గుడ్డముక్క వేసి కిందే కుట్టుకొచ్చి, దుప్పట్లు తీసేసి అక్వేరియం చుట్టూ తొడిగి ముందు గుండీలు పెట్టాడు. నాలుగు పెద్ద గుండీలు. కాలరు నిలబెట్టాడు కూడా.

నల్లకోటు తొడుక్కుని కాలరు ఎత్తుకుని బల్ల మీద కూర్చున్న అక్వేరియం, ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చిన పెద్దమనిషిలా ఉంది. కోడలు నవ్వాపుకోలేక నేలమీద కూలబడింది. సీసాలు కోటు లోపల, కుడివైపు, అద్దాన్ని అంటిపెట్టుకుని ఉన్నాయి. పట్టీ ఇరవై ఆరున్నర. ఇంకేం కావాలి?

పదకొండున్నరకి ఫోను మోగింది. పెళ్ళికొడుకు.

"ఏయ్, బతికున్నావా?"

"నేనా, చేపలా? ఎవరి గురించి అడుగుతున్నావు?"

"ముందు నువ్వు. తరవాత చేపలు. అమ్మ పక్కనే ఉంది, ఇదే వరసలో అడిగానని చెప్పకు."

"వినపడుతోందిరా," అన్న గొంతు వెనకనుంచి వినిపించింది. మరుక్షణం ఫోను చెయ్యి మారింది. "కరెంటు పోయిందట కదా అమ్మాయ్. మా వాడు ఇప్పుడు చెప్పాడు, పొద్దున్నించీ దాచి. బుడ్డోళ్ళెలా ఉన్నారు?"

"మహారాజుల్లా ఉన్నారు అత్తయ్యా! కోటు వేసుకుని మరీ! ఇరవై ఆరున్నర!"

"చెంప పెట్టావా?"

"పట్టీ చూపిస్తోంది కదా అత్తయ్యా..."

"సీసాలు ఏ వైపు పెట్టావు?"

"కుడివైపు."

"పట్టీ ఏ వైపుంది?"

కోడలు కోటు కుడి అంచు ఎత్తి చూసింది. పట్టీ, దాని పక్కనే సీసాలు.

"నా వార్డులో కొత్తగా చేరిన పిల్ల ఒకతి ఇలాగే చేసింది," అంది అత్తగారు, కోప్పడకుండా. "పసివాడి చంకలో వేడినీళ్ళ సంచీ, ఆ పక్కనే థర్మామీటరు. నూట రెండు జ్వరమని డాక్టరుని పరిగెత్తించింది. పట్టీ దాని పక్కనున్నదాని వేడి చెబుతుంది, నీళ్ళ వేడి కాదు. ఎడమవైపు, కింద, చెంప పెట్టు. పెట్టి నాకు..."

ఫోను చీకటైపోయింది. చార్జింగు అయిపోయింది.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, కోటు కింది గుండీ విప్పి, ఎడమవైపు మూల అద్దానికి చెంప ఆనించింది.

జిల్లుమంది. బావిలోంచి అప్పుడే తోడిన నీళ్ళు మొహాన కొట్టినట్టు. టార్చి వేసి చూసింది. బుడ్డోళ్ళంతా ఎడమ మూల అడుగున ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ముద్దగా ఉన్నారు. రెక్కలు ఆడుతున్నాయో లేదో తెలీదు. మీసాలాయన కప్పులోంచి సగం బయటికొచ్చి పక్కకి ఒరిగి ఉన్నాడు, కుర్చీలో నిద్రపోయిన ముసలాయనలా. నిద్రపోయాడో, ఇంకేమైనానో.

వేడి నీళ్ళు పైకి, చల్లటి నీళ్ళు కిందికి. బీకరులో ఎర్రసిరా చుక్క వేసి, పిల్లలకి మొన్న మంగళవారమే చెప్పిన పాఠం. "అర్థమైందా?" అని రెండుసార్లు అడిగింది కూడా. అందరికీ అర్థమైంది, టీచరుకి తప్ప.

"ఆవిడ సాయంత్రంలోగా వచ్చేస్తారు, బాబాయిగారూ. వచ్చి నేరుగా ఇక్కడ నిలబడి కన్ను తెరుస్తారు. తెరిచి..."

దర్జీ బాబాయి అప్పటికే వంటింట్లోంచి పొగలుకక్కే కెటిలు పట్టుకొచ్చేశాడు. "తప్పుకో, పోసేద్దాం!"

"వద్దు వద్దు వద్దు!" కోడలు రెండు చేతులూ అడ్డం పెట్టింది. "చల్లటి గాజుగ్లాసులో సలసల కాగే టీ పోస్తే ఏమవుతుంది? వీళ్ళకీ అంతే. తొందర మనకి ఎంతున్నా, నీళ్ళు మాత్రం నింపాదిగానే వేడెక్కాలి."

అలా అంటుంటేనే తనలో సగం పోయిన టీచరు తిరిగొచ్చింది. సీసాలు కుడివైపునుంచి తీసి, బయట కడిగి, మూతలు మళ్ళీ బిగించి చూసుకుని, నీళ్ళలోనే వదిలింది. రెండే. మెడలు పైకి పెట్టి అవి తేలుతున్నాయి. చల్లారగానే తీసి ఇంకో రెండు. పైన వేడెక్కిన నీళ్ళు కిందికి పోవాలి కాబట్టి, చిన్న మగ్గుతో అడుగునుంచి తోడి జానెడు ఎత్తునుంచి సన్నగా ధారగా పోయడం మొదలుపెట్టింది. గాలి కూడా కలుస్తుంది, పంపు లేని లోటూ తీరుతుంది. తోడు, పొయ్యి. తోడు, పొయ్యి. స్వెట్టరు మోచేతి దాకా తడిసి బిగుసుకుపోయింది. చెయ్యి నొప్పెడితే మగ్గు దర్జీ బాబాయికి. ఆయన పొయ్యి ముందు కాపలా అయితే మగ్గు తనకి.

పావుగంటకోసారి కింద కూర్చుని చెంప పెట్టేది. కానీ తెలిసేదెలా? జిల్లు తగ్గింది, సరే. ఎంత తగ్గితే చాలు?

"అరికాలులా ఉండాలన్నారు. స్నానం చేయించి తుడిచిన పసివాడి అరికాలు. నాకు తెలిసిన అరికాళ్ళు మా ఆయనవొక్కటే, అవి దుప్పట్లో ఐసుగడ్డలు."

అన్నాక కానీ ఏమన్నదో తట్టలేదు. దర్జీ బాబాయి పెద్దమనిషి, కిటికీ వైపు చూస్తూ దగ్గాడు. "నాకు ముగ్గురు పిల్లలమ్మా. ముగ్గురికీ స్నానాలు నేనే. మా ఆవిడకి నడుం నొప్పి. జరుగు." కీళ్ళు టకటకలాడుతుండగా నేలమీద కూర్చుని, కళ్ళు మూసుకుని చెంప ఆనించాడు. "ఛ, గడ్డం అడ్డమొస్తోంది." గడ్డం లేని చోటు వెతుక్కుని కణత దగ్గర పెట్టాడు.

"ఊఁ. ఇది వానలో ఆడొచ్చిన పిల్లాడి కాలు. ఇంకా స్నానమే చేయించలేదు."

ఒంటిగంటకి మళ్ళీ చూశాడు. "తొట్టిలో దింపారు. ఏడుస్తున్నాడు."

రెండు కావస్తుంటే, "స్నానమైంది. తుడవలేదు. తడికాలు."

ఆయన లేచాక కోడలు అదే చోట తన చెంప పెట్టేది. వానకాలుకీ తడికాలుకీ తేడా ఆ పిల్ల చర్మం మెల్లగా నేర్చుకుంటోంది. పెదాలు కదుపుతూ బుడ్డోళ్ళతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. మీ నాయనమ్మ వస్తోందర్రా, మంచి చీవాట్లు తింటారు, లేవండి. ఆ పద్నాలుగు మంది ముద్ద కాస్త విడివడింది. ఇద్దరు పైకొచ్చారు. తరవాత అయిదుగురు. మీసాలాయన మాత్రం అలాగే ఒరిగి ఉన్నాడు.

రెండున్నర దాటాక చెంప పెట్టిన కోడలు చాలాసేపు తల ఎత్తలేదు. "బాబాయిగారూ, మీరు చూడకండి. నేనే చెబుతాను." ఊపిరి బిగబట్టింది. "తుడిచారు."

ఆయన కూర్చుని చూసి తలెత్తాడు. కళ్ళు చెమర్చాయి, చలికో దేనికో. "పొడిగా తుడిచి పౌడరు కూడా వేశారమ్మాయ్."

సరిగ్గా అప్పుడే మీసాలాయన ఒక మీసం కదిపి, తనకేమీ పట్టనట్టు, వెనక్కి వెనక్కి జరిగి కప్పులో దూరిపోయాడు. కోడలు మగ్గు పక్కన పెట్టి బావురుమని ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో సీసాలో నీళ్ళు పోసింది.

మూడున్నరకి మెట్ల మీద అడుగులు. పెళ్ళికొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. చక్రాలకి గొలుసులు కట్టిన మొదటి బస్సు ఎప్పుడు కదులుతుందో అతనికి తెలిసినంతగా డ్రైవరుకి కూడా తెలీదు. తల్లిని అందులో తీసుకొచ్చేశాడు. ఆవిడ నల్లకళ్ళద్దాల వెనక రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, కొడుకు మోచెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ ఎక్కుతోంది.

"దారంతా ఇంతే," అన్నాడు పెళ్ళికొడుకు గుమ్మంలోనే. "డాక్టరు గోడ మీద అక్షరాలు చదవమంటే చదివి, చదవడం అవగానే కళ్ళు మూసేసింది. ఆపరేషను పాడైందేమోనని ఆయన కంగారు. బస్సులో పక్కావిడ నాకు జాలిగా సీటిచ్చింది."

"ఆ అక్షరాలు నల్లవి. నల్లది చూస్తే లెక్కలోకి రాదు," అంది అత్తగారు. "ఎక్కడే, నిలబెట్టు నన్ను."

కోడలు గబగబా ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంది. అత్తగారిని అక్వేరియం ముందుకి తెచ్చి నిలబెట్టింది. కిటికీలోంచి పొద్దువాలే ఎండ సన్నగా పడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుండీలు విప్పి కోటు రెండు పక్కలకీ తీసింది.

కోడలు నీరుకారిపోయింది. చేపలున్నాయి, ఈదుతున్నాయి. రంగు లేదు. పద్నాలుగూ పాలిపోయి, కడిగేసిన పలకల్లా ఉన్నాయి. నీలం ఒక్క గీత లేదు.

అత్తగారు కళ్ళద్దాలు తీసింది. ఆపరేషనైన కన్ను తెరిచింది.

"అత్తయ్యా, నేను... ఎడమవైపు చూసుకోలేదు, పట్టీనే నమ్మాను. మీరు చెప్పేదాకా... రంగు పోయింది వాటికి."

"ఎంతసేపట్నించీ ఉంది కోటు?"

"పదింటి నించీ."

"పొద్దున లేవగానే నీ మొహం చూసుకున్నావా ఎప్పుడైనా? చీకట్లో ఉంటే రంగు తీసి దాచుకుంటారు వీళ్ళు. దొంగవెధవలు. ఆగు, కాస్త ఎండ తగలనీ. నువ్వు ఏడవకు ముందు." అంటూ ఆవిడ ఇటు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

కోడలి కుడిచెంప మీద అద్దం అంచు పడ్డ చోట ఎర్రటి అడ్డగీత. దాని చుట్టూ చెంపంతా కందిపోయి, చలికి పగిలి ఉంది. ఎడమచెంప మామూలుగా ఉంది. అత్తగారు ఆ గీతని కొత్త కంటితో చాలాసేపు చూసింది. తరవాత ముందుకొచ్చి, తన చెంపని ఆ చెంపకి ఆనించింది. ముప్పై ఏళ్ళ అలవాటు.

"జిల్లుమంటోంది," అంది గంభీరంగా. "వానలో ఆడొచ్చిన కాలు," అని అందించాడు దర్జీ బాబాయి. అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "ఏమిట్రా చూస్తున్నావు, ఈ పిల్లకి కోటెయ్యి!"

పెళ్ళికొడుకు గబగబా తన కోటు విప్పి పెళ్ళాం భుజాల చుట్టూ కప్పాడు.

అత్తగారు కెవ్వుమంది.

"ఈ చొక్కా ఎక్కడిదిరా!"

"నువ్వు కొన్నదేనమ్మా. డాక్టరు దగ్గరికి మంచి చొక్కా వేసుకోమన్నావుగా."

"నేను కొన్నది బూడిద రంగు!"

దర్జీ బాబాయి కెటిలు మూత సర్దుకున్నాడు.

"పెళ్ళికి... ఇది తొడుక్కున్నావా? ఊరందరి ముందు? నోరు మూసుకుని?"

"హుందాగా ఉందన్నావు కదా," అన్నాడు పెళ్ళికొడుకు.

"ఫొటోలు కూడా?"

"అన్నింట్లో," అంది కోడలు, ముక్కు తుడుచుకుంటూ. "పెద్దది హాల్లోనే ఉంది అత్తయ్యా. మీరు రోజూ దుమ్ము తుడిచేదే."

ముందు పగలబడి నవ్వింది అత్తగారే. కట్టు విప్పిన కంట్లోంచి నీళ్ళు కారుతుంటే కొడుకు "ఏడవకూడదు, నవ్వకూడదు, వంగకూడదు అన్నారమ్మా" అని నెత్తీనోరూ బాదుకుంటున్నాడు. ఆవిడ కొడుకు చొక్కా కాలరు పట్టుకుని, "మూర్ఖుడా, మూర్ఖుడా" అంటూ ఆ వంకాయ రంగులోనే మొహం దాచుకుంది.

కోడలు కోటు కాలరు మీదుగా అక్వేరియం వైపు చూసింది. ముందు వరసలో ఉన్న బుడ్డోడి కంటి పక్కన వెంట్రుకవాసి గీత. కళ్ళు నులుముకుని చూసింది. నీలం.

"అత్తయ్యా!"

అత్తగారు తిరిగింది. ఒక గీత. దాని వెనక ఇంకొకటి. ఎండలోకి తిరుగుతూ ఒకళ్ళ తరవాత ఒకళ్ళు, పొయ్యి మంటలా రాజుకుంటూ. మూడు, ఏడు, పది. ఆవిడ పెదాలు అంకెలు లెక్కపెడుతున్నాయి కానీ గొంతు రావట్లేదు. ఆఖరివాడు నీటిమొక్క చాటున ఇంకా పాలిపోయే ఉన్నాడు. "వాడంతే, బద్ధకస్తుడు," అంది అత్తగారు చివరికి. "ఇంత నీలమా? ఇంత నీలంగా ఉండేవారా వీళ్ళు?"

కరెంటు ఇంకా రాలేదు. దర్జీ బాబాయి వంటింట్లో సీసాల్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు. అత్తగారు అలవాటుగా ఎడమవైపు మూలకి వంగబోయింది.

"అమ్మా! వంగొద్దన్నారు!"

ఆవిడ ఆగింది. కుడివైపు అద్దం మీద పట్టీ ఇరవై నాలుగు చూపిస్తోంది. ఆ అంకె ఇప్పుడు ఆవిడకి శుభ్రంగా కనపడుతుంది. అయినా అటు చూడలేదు.

"నువ్వు పెట్టమ్మాయ్. పెట్టి నాకు చెప్పు."

కోడలు పెళ్ళికొడుకు కోటు చేతులు వేలాడుతుండగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఈసారి ఎడమచెంప ఆనించి, కళ్ళు మూసుకుంది.

"అరికాలే, అత్తయ్యా. తుడిచిన అరికాలు."